ఎర్రగుడ్డ కట్టిన మొక్కలు

రెండో గంట మోగేసరికి దేవకుమారి చర్చి గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తోంది. అలవాటు కొద్దీ తలెత్తి ప్రభువు బల్ల వైపు చూసింది. అంతే, రెండో చెప్పు కాలికి ఉండగానే అలా నిలబడిపోయింది.

బల్లకి ఒక పక్క చెరుకుగడలు, ఇంకో పక్క జొన్నకంకులు కట్టారు. కోతపండుగకి అది ఏటా ఉండే అలంకారమే. ఈసారి వాటి మధ్య ఒక కొత్త కుండ ఉంది. కుండలో ఇసక పోసి నాలుగు మిరప మొక్కలు నిలబెట్టారు. వేళ్ళతో సహా పీకి తెచ్చిన మొక్కలు. ఒక్క ఆకైనా ముడుచుకోలేదు, కొమ్మ కొమ్మకీ పండుకాయలు వేలాడుతున్నాయి. ఒక్కో మొక్క మొదట్లో ఒక ఎర్రగుడ్డ పేలిక ఉంది. ఆ పేలికలు దేవకుమారి తన పాత రవిక చించి తన చేత్తో కట్టినవే.

"లోపలికి నడువమ్మా టీచరమ్మా, దారికడ్డం" అన్నారెవరో వెనకనించి. ఆమె నడిచింది. ఏ చాప మీద కూర్చుందో, పక్కన ఎవరున్నారో ఆమెకి తెలియలేదు. పాటలు మొదలయ్యాయి. ఆమె నోరు పాటకి కదులుతోంది గాని కళ్ళు మాత్రం కుండ మీదే ఉన్నాయి.

సంగతి తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. ఆ పాలెంలో మిషను బడి అయిదో తరగతితోనే ఆగిపోయేది. ఆపైన చదవాలంటే పొలాలకి అడ్డం పడి ఊళ్ళోని పెద్ద బడికి నడవాలి. మగపిల్లలు ఎలాగో నడిచేవాళ్ళు. ఆడపిల్లలు అయిదు కాగానే మిరపకాయ కోతకీ, పత్తితీతకీ వెళ్ళిపోయేవాళ్ళు. ఎనభై అయిదులో సముద్రం వైపు ఒక ఊళ్ళో పెద్ద రైతులు పాలెం మీద పడి మనుషుల్ని నరికి ఆడపిల్లల్ని చెరిచిన ఘోరం విన్నాక, ఆ పొలాల దారిన ఆడపిల్లని ఒంటరిగా పంపే ధైర్యం పాలెంలో ఎవరికీ లేకపోయింది. ఉన్నా ఎవరూ పంపమని అడగలేదు, అది వేరే సంగతి.

అలాంటి రోజుల్లో విశ్వవిద్యాలయం నుంచి మీరా హుస్సేన్ అనే బోటనీ లెక్చరరు, విద్యార్థుల్ని వెంటేసుకుని సేవా శిబిరానికి వచ్చాడు. వచ్చినవాళ్ళు చాలామంది రోడ్డుకి సున్నం కొట్టి, గ్రూపు ఫోటో దిగి పోతారు. ఈయన పోలేదు. బడి వెనక బీడుగా పడున్న పావెకరం చూసి, బడి టీచరు దేవకుమారిని కూర్చోబెట్టి మాట్లాడాడు. విత్తనాలు విశ్వవిద్యాలయానివి, నేల బడిది, నీళ్ళూ కాపలా చర్చిలోని స్త్రీల సమాజానివి. ఆకుముడత తెగులుని తట్టుకునే మిరపని వెతకడం పని. బదులుగా ఆ బడిని విశ్వవిద్యాలయం తన కేంద్రంగా పెట్టుకుంటుంది, ఆరూ ఏడూ తరగతులకి ఒక టీచరు జీతం తనే ఇస్తుంది. అలా పాలెంలో మొదటిసారి ఆరో తరగతి పుట్టింది. అందులో పదిమందీ ఆడపిల్లలే.

కాని మీరా హుస్సేన్ పైన ఒక పెద్ద ప్రొఫెసరుగారున్నారు. ఆయనకి మొదట్నించీ ఈ వ్యవహారం నచ్చలేదు. "పంతులమ్మా పిల్లలూ కలిసి పరిశోధన చేస్తారా?" అని నవ్వేవాడట. కిందటి నెల ఖచ్చితంగా చెప్పేశాడు. ఈ పంటలో నిలబడ్డ మొక్కల కాయలు సక్రమంగా చేతికొస్తేనే కేంద్రం ఉంటుంది, లేకపోతే జూన్ నుంచి అది టౌను స్కూలుకి వెళ్ళిపోతుంది.

ఆ ఏడు తెల్లదోమ జిల్లా జిల్లా అంతా ఊడ్చిపెట్టింది. బడి తోట కూడా ఆకులు ముడుచుకుని గిడసబారింది. నాలుగంటే నాలుగే మొక్కలు నిటారుగా నిలబడ్డాయి. మీరా హుస్సేన్ సంతోషం పట్టలేక, పక్క మొక్కల పుప్పొడి తగలకుండా పూతకి పల్చటి గుడ్డ సంచులు తొడిగి, పిందె పడ్డాక తీసేసి, దేవకుమారితో అన్నాడు: "వీటికి ఏదైనా గుర్తు కట్టండమ్మా. కాయ చెట్టు మీదే బాగా పండాలి. నేనొచ్చేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఏ మొక్క కాయలు ఆ మొక్కవిగా విడివిడిగా కోసుకుంటాం."

దేవకుమారి ఎర్రగుడ్డ కట్టింది.

ఆ పాలెంలో ఎర్రగుడ్డ ఎప్పుడు కడతారో తెలియనివాళ్ళు లేరు. కోతపండుగకి దేవుడికిస్తానని మొక్కుకున్న కోడి కాలికి కడతారు. పాదు మీద మొదటి గుమ్మడికాయకి కడతారు. కట్టాక ఇంట్లోవాళ్ళు ఆకలితో మాడినా దాన్ని ముట్టుకోరు. పండుగనాడు ప్రభువు బల్ల ముందు పెడతారు. పాలెంలో పుట్టి పెరిగిన పిల్లకి ఈ మాత్రం తట్టొద్దూ! తట్టలేదు. గుంటూరులో ట్రైనింగు, జీపులో వచ్చే లెక్చరర్లతో ఇంగ్లీషు మాటలు, ఇవన్నీ ఎక్కువైతే మనుషులు అప్పుడప్పుడు ఇలాగే ఇంటి దారి మరిచిపోతారు.

ఇవాళ మధ్యాహ్నం భోజనాల వేళకి ఆ జీపు రావాలి. ప్రొఫెసరుగారు కూడా వస్తున్నారు.

ఆశీర్వాదం అయిందో లేదో దేవకుమారి జనాన్ని తోసుకుంటూ ఎలీసమ్మ దగ్గరికి వెళ్ళింది. ఎలీసమ్మ స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. తెల్లచీర, వీపు మీద ఎండకి కమిలిన చర్మం, పది మంది చెవుల్లో పడే గొంతు. తోటకి బిందెలతో నీళ్ళు మోయించింది ఆమే. ఆమె మనవరాలు రెబ్కా ఆరో తరగతిలో ఉంది.

"అత్తా, ఆ మొక్కలు..."

"చూశావా కుమారీ!" ఎలీసమ్మ ఆమె రెండు చేతులూ పట్టేసుకుంది. కళ్ళనిండా నీళ్ళు. "తోటంతా ముడుచుకుపోయినా ఆయన కోసం నాలుగు నిలబడ్డయ్. నువ్వు గుడ్డ కట్టిన్నాడే అనుకున్నా, ఈ పిల్ల నాకంటే ముందే మొక్కుకుందని. ఒక్క కాయ ఎవర్నీ తుంచనియ్యలా. మా రెబ్కా ఒక కాయ పట్టుకుంటే దాని చెయ్యి మీద ఒకటేశా. తెల్లారగట్ట నేనే పోయి, మొక్కకొక ప్రార్థన చేసి పీక్కొచ్చా."

దేవకుమారి ఏం చెబుతుంది? నువ్వు దేవుడికిచ్చింది నీ మనవరాలి చదువని చెబుతుందా? ఈ ముఖం చూస్తూ?

"ఈ పండగ ఎళ్ళాక రెబ్కాని పత్తికి తీసుకుపోతా" అంది ఎలీసమ్మ, కళ్ళు తుడుచుకుని మామూలు గొంతులోకి వచ్చి. "ఏమనుకోబాకు. బాపయ్యగారి చేను తెల్లగా ఇచ్చుకుంది. కూలి పెంచమని అడిగితే పండగయ్యాక చూద్దాం అన్నారు. పెంచినా పెంచకపోయినా పోవాల్సిందేగా. ఇంట్లో తినే నోళ్ళు తక్కువున్నయ్యా?"

అప్పటికే మగవాళ్ళు కానుకలన్నీ పందిట్లోకి మోస్తున్నారు. వేలం పాట మొదలవబోతోంది. దేవకుమారి పరుగులాంటి నడకతో పాదిరిగారి దగ్గరికి పోయింది.

జక్రయ్యగారు మంచివాడు. అందరితోనూ మంచివాడే, అదే చిక్కు. సంగతంతా గుసగుసగా చెప్పాక ఆయన ముఖం పాలిపోయింది.

"ఎంత పని జరిగిందమ్మా! కాని బల్ల ముందు పెట్టింది నేనెట్లా తీసియ్యను? రేపట్నించి సంఘం నా మాట వింటుందా? వేలంలో నువ్వే పాడి తీసుకో." ఆగి, గొంతు తగ్గించాడు. "పోనీ, తోటలో ఇంకా మొక్కలున్నయ్ గదా. వాటి కాయలు కోసి సంచిలో పోసియ్యరాదూ? జీపులో వచ్చేవాళ్ళకేం తెలుస్తుంది, మిరపకాయకి మిరపకాయే."

నిజం చెప్పాలంటే ఈ ఆలోచన ఆమెకి చర్చిలో రెండో పాట దగ్గరే వచ్చింది. ఎవరికీ తెలియదు. ఈ ఏడుకి బడి నిలబడుతుంది. కాని ఆ ముడత మొక్కల గింజలే మంచి విత్తనమని మళ్ళీ ఇదే పాలెంలో కౌలు చేలకి వస్తాయి. ఎలీసమ్మ అరెకరానికీ వస్తాయి. అప్పుడు వాటిని ఎవరు పీకి పారేస్తారు, ఎవరు అప్పులపాలవుతారు?

"వద్దయ్యగారూ" అంది. "పాడతాను."

పందిట్లో ముందు వరసలో ఒక కుర్చీ వేశారు. అందులో బాపయ్యగారు కూర్చున్నాడు. ఊళ్ళో పెద్ద రైతు, పండుగకి పిలిస్తే ఏటా వచ్చి ఏదో ఒకటి పాడి పోయే మనిషి. ఈ ఏడు ఆయన ముఖం అంత బాగాలేదు. మిరప చేను మొత్తం ముడతకి పోయింది. పత్తి ఒక్కటే మిగిలింది.

వేలం నవ్వులతో మొదలైంది. వాడరేవు చుట్టాలు తెచ్చిన ఎండు చేపలు ముందు పోయాయి. వేటపాలెం జీడిపప్పు పొట్లాన్ని ఒకాయన పాడి, మళ్ళీ దేవుడికే ఇచ్చేశాడు, దాన్ని మళ్ళీ పాడారు. ఒక పుంజు చేతులు మారి మారి చివరికి ఎవరిదో తెలియక కొక్కొరోకో అంటూ పందిరెక్కింది. అందరూ పడీ పడీ నవ్వారు. దేవకుమారి చెవులు మాత్రం రోడ్డు మీదే ఉన్నాయి, జీపు చప్పుడు కోసం.

కుండ తెచ్చేటప్పుడు పందిరి గుంజకి తగిలి ఒక మొక్క విరిగి పడింది. కాయలు చెల్లాచెదరయ్యాయి. వంటచేసే ఆడవాళ్ళు "దేవుడి కాయలు నేలపాలవుతున్నయ్" అంటూ కొంగుల్లో ఏరుకుని పోయారు. దేవకుమారి లేవబోయింది. ఈలోగా జక్రయ్యగారు మిగిలిన మూడు మొక్కల కుండని బల్ల మీద పెట్టించి పాట అందుకున్నాడు. ఇక లేవడానికి వీల్లేకపోయింది.

"స్త్రీల సమాజం వారి తోటలో మొదటి పంట! ఎవరు పాడతారు?"

దేవకుమారి పాడింది. టీచరమ్మ భక్తికి జనం చప్పట్లు కొట్టారు. ఇంకెవరో సరదాకి ఒక మాట పెంచారు. ఆమె మళ్ళీ పాడింది. అప్పుడు కుర్చీలోంచి ఒక గొంతు, పెద్దగా కాదు, మామూలుగానే, వాళ్ళిద్దరికంటే చాలా పైన పలికింది.

బాపయ్యగారు కుండ వైపే చూస్తున్నాడు. ఆ చూపు కానుకని చూసే చూపు కాదు. ఆ ఆకులు ఎందుకు ముడుచుకోలేదో, పాదిరిగారు కాక ఆ పందిట్లో తెలిసినవాళ్ళు ఇద్దరే, ఒకరు తను, రెండోవాడు ఆయన.

ఆమె పాడింది. ఆయన పాడాడు. పెట్టెలో ఉన్నదీ, వచ్చే నెల రావలసినదీ అంతా కలిపి ఇంకోసారి పాడింది. ఆయన తల కూడా తిప్పకుండా దాన్నీ దాటేశాడు. నవ్వులు ఆగిపోయాయి. ఇది సరదా పాట కాదని అందరికీ అర్థమైపోయింది, ఎందుకో మాత్రం తెలియడం లేదు.

"ఒకటోసారి" అన్నాడు జక్రయ్యగారు. "రెండో..."

"ఆగండయ్యగారూ!"

దేవకుమారి లేచి నిలబడింది. ఎలీసమ్మ వైపు చూడకుండా, కుండ వైపు చూస్తూ మొత్తం చెప్పేసింది. ఆ మొక్కలు విత్తనానికని పెంచినవనీ, ఇంకో గంటలో వాటి కోసం జీపు వస్తుందనీ, కాయలు చేతికి రాకపోతే జూన్‌లో ఆరూ ఏడూ తరగతులు ఎత్తేస్తారనీ చెప్పింది. "ఎర్రగుడ్డ కట్టింది నేను. మన అలవాటు తెలిసుండీ కట్టాను. తప్పు నాది. ఎలీసమ్మత్తది కాదు."

ఆడవాళ్ళ తలలన్నీ ఎలీసమ్మ వైపు తిరిగాయి.

బాపయ్యగారు కుర్చీలోనే వెనక్కి ఆనుకున్నాడు. "అయ్యేంటో నాకు తెల్సులే పంతులమ్మా. తెలిసే పాడుతున్నా. నా తోటంతా పీకి గట్టున పోసుకున్నా. ఆ ఆకులు చేతబట్టుకుని మీ యూనివర్సిటీకి పోతే, గేటు దగ్గర నిలబెట్టి పంపించేశారు. ఒక్క జీపన్నా నా చేలో దిగిందా? నేను దొంగతనం చెయ్యట్లా. దేవుడి పాట. పాట పాటే."

ఆయన మాటలో అబద్ధం లేదు. జక్రయ్యగారు ఆయన వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, ఆకాశం వైపు కూడా చూశాడు. అక్కడా ఆయనకి ఏ దారీ కనపడలేదు.

"నేను పాడతా."

ఎలీసమ్మ లేచింది. ఆమె ముఖంలో అంతకు ముందరి వెలుగు ఒక్క చుక్క లేదు. ఒక్కసారిగా పదేళ్ళు పైబడ్డట్టుంది.

"ఎలీసమ్మా" అన్నాడు పాదిరిగారు మెల్లిగా, "ఇచ్చింది నువ్వేనమ్మా."

ఆ సంఘంలో రాత లేని కట్టుబాటు ఒకటుంది. ఇచ్చిన చెయ్యి పాడకూడదు. తనిచ్చిన కానుకని తనే పాడుకోవడమంటే దేవుడి చేతిలోంచి లాక్కోవడమే. ఎవరూ ఎన్నడూ ఆ పని చెయ్యలేదు. పైగా ఇతరులెవరైనా మరిచిపోయి నోరు తెరిస్తే కసిరి కూర్చోబెట్టే మనిషి ఎలీసమ్మే.

"తెల్సయ్యగారూ. ఆ పాపం నా ఒక్కదానికే రానియ్యండి. డబ్బు నాకాడ లేదు. రెక్కల కానుక పాడుతున్నా. చర్చి పక్క కొత్తగదికి పునాది మట్టి ఎయ్యాలన్నారుగా. వారం నేనేస్తా."

రెక్కల కానుక అక్కడ పాతదే. రొక్కం లేనివాళ్ళు చర్చికి పని ఇస్తామని పాడేవాళ్ళు. కాని ఎప్పుడూ ఒక కొబ్బరికాయకో, శేరు కందులకో పాడేవాళ్ళు, అంతే. బాపయ్యగారి రొక్కానికి ఎదురుగా ఎవరూ పాడలేదు.

ఆమె పక్కన కూర్చున్న కరుణమ్మ లేచింది. "నాదో వారం." వెనకనించి ఇంకొకామె, "నాది కూడా రాసుకోండి" అంది. ఆమె పక్కామె లేచింది. స్త్రీల సమాజం మొత్తం తెల్లచీరలతో ఒక్కొక్కరే లేస్తూ ఉంటే, చంకలో పిల్లలున్నవాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. బిందెలు మోసిన చేతులే అన్నీ.

"ఏందే ఇదంతా?" అన్నాడు బాపయ్యగారు. ఈసారి గొంతు పెరిగింది. "రోజులు పాడితే దాని విలువెవడికి తెలుసు? నేను రొక్కం పాడా. ఆ రోజుల్ని రొక్కంలో కట్టి చెప్పమను!"

"అదీ న్యాయమే" అన్నాడు జక్రయ్యగారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. "అయితే బాపయ్యగారూ, రోజుకి ఎంత కట్టమంటారు? ఊళ్ళో కూలి కట్టేది తమరేగా. తమరెంత చెబితే అంత. దాన్నిబట్టి లెక్క చూద్దాం."

ఆయన అమాయకంగా అడిగాడో, కావాలనే అడిగాడో, తర్వాత ఎంతమంది అడిగినా చెప్పలేదు.

బాపయ్యగారు నోరు తెరిచాడు. మళ్ళీ మూశాడు. తక్కువ చెబితే మొక్కలు ఆయనవే అవుతాయి, కాని ఆ మాట విన్న ఆడవాళ్ళు రేపు పొద్దున ఆయన చేలో కాలు పెట్టరు, తెల్లగా విచ్చుకున్న పత్తి చేలోనే రాలిపోతుంది. ఎక్కువ చెబితే పాట పోతుంది, రేపు పొద్దున ఆ ఎక్కువే కూలిగా ఇవ్వాలి. నిలబడ్డ ఆడవాళ్ళు అందరూ ఆయన నోటి వైపే చూస్తున్నారు. పందిరి మీద పుంజు ఒకసారి కూసింది, ఎవరూ నవ్వలేదు.

ఆయనకి కోపం వస్తే ఏం జరుగుతుందో, అది ఈ పందిట్లోనే ఆగుతుందో, పాలెం ఇళ్ళ దాకా వస్తుందో ఎవరు చెప్పగలరు? ఆ ఏళ్ళలో అలాంటి భయం ఊరికే ఉండేది కాదు.

బాపయ్యగారు కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"వదిలేశా" అన్నాడు. "పాట ఆళ్ళకే కొట్టెయ్యండి."

రెండడుగులు వేసి దేవకుమారి ముందు ఆగాడు. ఆమె ముఖం వైపు చూడలేదు. "వచ్చే ఏడు ఆ ఇత్తనాలు గుప్పెడు నాక్కూడా కావాలి" అన్నాడు.

"బడికి వచ్చి అడగండి" అంది దేవకుమారి. అంత మాట తన నోట ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. ఆయన పందిరి దాటి వెళ్ళిపోయాడు.

ఎలీసమ్మ కుండ ఎత్తి దేవకుమారి చేతుల్లో పెట్టింది. ఒక్క చూపు లేదు. చుట్టూ ఆడవాళ్ళు సంబరంగా మాట్లాడుకుంటుంటే, ఆమె వాళ్ళ మధ్యనించి నడిచి బయటికి పోయింది.

దేవకుమారి కుండ పట్టుకునే వంటల దగ్గరికి పరిగెత్తింది. నాలుగో మొక్క కాయలు రోట్లో ఉన్నాయి. చింతపండూ ఉప్పూ వేసి ఇద్దరు దంచుతున్నారు. పండుమిరప పచ్చడి వాసన ఘాటుగా ముక్కుకి తగిలింది. ఒక్క కాయ కూడా మిగల్లేదు. ఆమె ఆ రోటి పక్క కూర్చుని, కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే ఘాటుకని చెప్పుకుంది.

భోజనాలకి విస్తళ్ళు వేస్తుండగా జీపు వచ్చింది. మీరా హుస్సేన్ దిగుతూనే తోట వైపు చూశాడు. ముఖం నల్లబడింది. దేవకుమారి మూడు పొట్లాలు బల్ల మీద పెట్టింది, ఏ మొక్క కాయలు ఆ పొట్లంలో. పక్కనే వేళ్ళతో ఉన్న మూడు మొక్కలు.

"నాలుగు అన్నారు" అన్నాడు ప్రొఫెసరుగారు.

"నాలుగోది పచ్చడైపోయింది సార్" అంది ఆమె. జరిగినదంతా ఉన్నదున్నట్టు చెప్పింది. ఏదీ దాచలేదు, ఏదీ తగ్గించలేదు. చెబుతుంటే ఆయన ఒక్కో మొక్క వేరూ ఆకూ తిప్పి తిప్పి చూస్తూనే ఉన్నాడు. మీరా హుస్సేన్ చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"పంతులమ్మా పిల్లలూ అనుకున్నాను" అన్నాడు ప్రొఫెసరుగారు చివరికి. "ఇంతమంది ఉన్నారని నువ్వు చెప్పలేదేమయ్యా?" అది మీరా హుస్సేన్‌తో. తర్వాత పొట్లాల మీద తనే పేర్లు రాసుకుని సంచిలో పెట్టుకున్నాడు. "మూడుతో మొదలుపెడదాం. వచ్చే ఏడాది పంట కూడా ఇక్కడే వేస్తాం. ఆ తర్వాత సంగతి తర్వాత చూద్దాం."

ఒక ఏడు నిలబడింది బడి. అంతకంటే ఎక్కువ ఆయన ఇవ్వలేదు, ఆమె అడగలేదు. ప్రొఫెసరుగారు పంక్తిలో కూర్చుని అన్నంలో పచ్చడి కలుపుకుని, "ఈ పచ్చడి భలే ఉందే, మొక్క ఏ రకమో" అన్నాడు. మీరా హుస్సేన్‌కి పొలమారింది.

ఎలీసమ్మ పంక్తిలో లేదు. దేవకుమారి వెతుక్కుంటూ బడి వెనక్కి వెళ్ళింది. ముడుచుకుపోయిన తోటలో, మొక్కలు పీకిన గుంటల పక్కన ఆమె గొంతుక్కూర్చుని ఉంది. ఒళ్ళో నాలుగు ఎర్రగుడ్డ పేలికలు. మొక్కలకి ఎప్పుడు విప్పుకుందో ఏమో.

"అన్నం తిందువుగాని రా అత్తా. బడి నిలబడింది. వచ్చే ఏడు కూడా ఉంటుందన్నారు."

"తినబుద్ధి కావట్లా." ఎలీసమ్మ గుంటలోని మట్టిని వేళ్ళతో సర్దుతోంది. "దేవుడికిచ్చి మళ్ళీ లాక్కున్నాను కుమారీ. అందరి ముందూ. రేపటాదివారం ఏ ముఖం పెట్టుకుని పాట చెప్పను?"

"తప్పు నాదని చెప్పాగా అత్తా."

"నీ తప్పు నీది. నా తప్పు నాది. ఆయన ఊరుకుంటాడు, నా మనసే ఊరుకోదు." తర్వాత పేలికలు ముడిచి రొండిన దోపుకుని లేచింది. "తీసుకున్నదానికి బదులు ఒకటి పెట్టాలి. పెడతాలే."

ఏం పెడుతుందో దేవకుమారి అడగలేదు.

మర్నాడు తెల్లవారి దేవకుమారి బడి గది ఊడుస్తుండగా, ఎదురు వీధిలో బాపయ్యగారి మేస్త్రీ పేరయ్య గొంతు వినపడింది. పేరయ్య కూడా పాలెంలో పుట్టినవాడే. ఇంటింటి ముందూ ఆగి పత్తితీతకి కేకేస్తున్నాడు. పెంచిన కూలి కూడా కేకలోనే చెబుతున్నాడు. ఆడవాళ్ళు సద్ది క్యారేజీలు పట్టుకుని బయటికి వస్తున్నారు.

ఎలీసమ్మ గుమ్మం ముందు ఆగాడు. ఆమె తలకి గుడ్డ చుట్టుకుంటూ వచ్చింది. వెనకే రెబ్కా.

"పిల్లని కూడా రమ్మను ఎలీసమ్మా" అన్నాడు పేరయ్య. "కాయ ఎక్కువుంది. చిన్న చేతులైతే తొందరగా తీస్తయ్."

చీపురు పట్టుకునే దేవకుమారి గుమ్మంలోకి వచ్చింది. ఇదే భయం ఆమెకి నిన్నట్నించీ. బడి ఉంటే చాలదు, పిల్ల కూడా ఉండాలి.

"అది రాదు" అంది ఎలీసమ్మ.

"నువ్వేగా పోయిన వారం తీసుకొస్తానంది?"

ఎలీసమ్మ రెబ్కా భుజం పట్టుకుని వీధిలోకి, వెలుతురులోకి ముందుకి జరిపింది. పిల్లకి నూనె రాసి బిగించి జడ వేసింది. చేతిలో పలక సంచి ఉంది. కుడి చేతి మణికట్టుకి ఎర్రగుడ్డ పేలిక, రెండు ముళ్ళేసి కట్టి ఉంది.

"గుడ్డ కట్టాను" అంది. "కనపడట్లా?"

పేరయ్య ఆ పేలిక వైపు చూశాడు. మళ్ళీ ఆమె ముఖం వైపు చూశాడు. తలపాగా తీసి చంకలో పెట్టుకుని పక్కింటికి నడిచాడు.